హెలీనాగా పాడటానికి నా గొంతు తిరిగొచ్చింది

లాక్‌డౌన్ రోజుల్లో ఒక ఆదివారం మా పాటల నాటకం జూమ్ రిహార్సల్‌లో నా వంతు వచ్చింది. రోజూ తేలిగ్గా అందుకునే పై స్వరం దగ్గర ఊపిరి చాలలేదు. రెండోసారీ అంతే. అలసటేమో అనుకున్నాను. మూడో రోజుకి జ్వరం, కోవిడ్ పాజిటివ్.

మాది ఒంగోలు. ఐర్లండ్‌లోని కార్లోలో నర్సుగా పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ చర్చి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, సొప్రానో అనే పై స్థాయి గొంతు పాడేదాన్ని. ఇక్కడి క్వయర్ నడిపే మేవ్, హెలీనా అనే పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ ఒపేరా గాయని జీవితాన్ని పాటల నాటకంగా రాసింది. రొట్టెలు కాల్చే ఇంట్లో పుట్టి, పదిహేడేళ్లకే వేదికెక్కి, రాజుల ముందు పాడి, నలభై దాటాక జబ్బు వల్ల కాదు, తన ఇష్టంతోనే వీడ్కోలు పాట పాడి దిగిపోయిన మనిషి ఆమె. ఆ వేషం నాకిచ్చారు. ఆ రోజు ఇంట్లో నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ కోవిడ్ ముదిరి ఐసీయూలో, వెంటిలేటర్ మీద పదకొండు రోజులున్నాను. బతికాను. గొంతులో పెట్టిన ట్యూబ్ తీశాక వీడియో కాల్‌లో మా అమ్మాయి రూత్‌ని పిలవబోతే గాలి తప్ప మాట రాలేదు.

ఈఎన్‌టీ డాక్టర్ వరంగల్ అబ్బాయి. ముక్కులోంచి స్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టం వేసి చూశాడు.

"అక్కా, ఎడమ వోకల్ కార్డ్, అంటే స్వరతంత్రి, కదుల్తలేదు. ట్యూబ్ వల్ల నర్వ్ దెబ్బతిన్నట్టుంది. మెల్లగ రావచ్చు."

"మళ్లీ పాడగలనా?" అని గుసగుసగా అడిగాను.

"ముందు ఆ గుసగుస బంద్ చెయ్యి. గొంతు మీద జోర్ పడ్తది."

స్పీచ్ థెరపీ మొదలైంది. నీళ్లగ్లాసులో స్ట్రా పెట్టి బుడగలు ఊదుతూ స్వరం తీయాలి. రెండు నెలలైనా స్కోప్‌లో మార్పు లేదు. మేవ్ ఫోన్ చేసి, "పాటలు ఇంకొకరు పాడతారు, నువ్వు మాటలు చదువు చాలు," అంది. ఆమె ఉద్దేశం మంచిదే. ఫోన్ పెట్టేసి బాగా ఏడ్చాను. తర్వాత మెసేజ్ పెట్టాను: "పాడతాను. నా కోసం ఆగండి."

కదలని ఆ కార్డ్ రెండోదానికి ఆనేలా డాక్టర్ దానిలోకి ఇంజెక్షన్ ఇచ్చాడు. నేను ఊదడం ఆపలేదు. ఒక ఉదయం వంటింట్లో గ్లాసు పక్కన పెట్టి 'మ్మ్' అన్నాను. సన్నగా, తిన్నగా ఒక స్వరం నిలిచింది.

రూత్ మెట్ల మీంచి అరిచింది: "మామ్! దట్స్ అ రియల్ నోట్!"

మరుసటి వేసవిలో, ఆరుబయట ప్రదర్శనలకు అనుమతి రాగానే, పార్కులో ఎడమెడంగా కుర్చీలు వేసి నాటకం ఆడాం. హెలీనా వీడ్కోలు పాటలో ఆ పై స్వరాన్ని అందుకున్నాను. అది గాలిలో నిలబడింది. జనం లేచి నిలబడ్డారు. డాక్టర్ కూడా వచ్చాడు.

"అక్కా, ఇగ నువ్వు నా పేషెంట్ కాదు. నేనే నీ ఫ్యాన్!"

ఇప్పుడు డ్యూటీలూ క్వయరూ రెండూ నడుస్తున్నాయి. మీకు చెప్పేదొకటే: గొంతు బొంగురు మూడు వారాలు దాటితే గుసగుసలతో నెట్టుకురావద్దు. జీపీని, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌ని, అడిగి ఈఎన్‌టీకి రిఫరల్ రాయించుకోండి.