రెల్లు చుట్టరికం

ఈ ప్రయాణానికి కారణాలు రెండు. పైకి చెప్పింది, శారదా నది పక్క ఊళ్లలో రెల్లు ఆకులు కోసుకురావడం. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. లోపల దాచుకున్నది, అక్క కూతురు గౌరిని మా అబ్బాయికి చేసుకోలేనని చెప్పిరావడం. నాకు మేనరికాలంటే గిట్టదు. ఎస్టీడీ బూతులోంచి చెప్పే మాట కాదు. పైగా అక్కంటే భయం.

ఆరింటికి విశాఖ కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కాను. పక్కాయన నా ఐసు ఫ్లాస్కు చూసి, "ఏటి బాబూ, సేపలా?" అన్నాడు. గడ్డి కోసం అన్నాను. కాస్త జరిగి కూర్చున్నాడు.

సబ్బవరంలో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లే, ఇడ్లీ మాత్రం బాగుంది. వెళ్లేవాళ్లు అక్కడే తినండి. చోడవరంలో దిగి గోవాడ వైపు ఆటో ఎక్కితే, ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్లు దారివ్వలేదు. అక్కావాళ్ల ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర.

బావ చెరకు తోట గట్టున గునపంతో రెల్లు దుబ్బులు పెకలిస్తున్నాడు. అక్క మజ్జిగ తెచ్చింది, వెనకే గౌరి గ్లాసులతో వచ్చింది.

"ఆగు బావా, అది నీ చెరకుకి చుట్టం," అన్నాను. సందు దొరికింది కదా అని అక్కడే మొదలెట్టాను. వెనకటి చెరకు లావు, మంచి తీపి. తెగులొస్తే మాత్రం తట్టుకునేది కాదు. అందుకని వరదకీ ఎండకీ చావని రెల్లుతో కలిపారు. ఇప్పటి చెరకు కణంలో ఆ రెల్లు క్రోమోజోములు ఇంకా ఉన్నాయి. రంగులేసి చూస్తే కనపడుతున్నాయట. "బలమంతా బయటి సంబంధం వల్లే," అని అక్క వైపు చూశాను.

బావ గునపం దించాడు. "మరి రెల్లుకి తీపి నేదు కదా బావా. ఈ తీపెక్కణ్ణుంచొచ్చినాది?"

చెప్పక తప్పలేదు. "పుట్టినదాన్ని మళ్లీ ఆ తీపి చెరకు జాతితోనే కలిపారు. ఒకటికి రెండుసార్లు."

"అంటే మేనరికమే కదరా," అంది అక్క.

నా బుర్ర తిరిగిపోయింది. మనకి క్రోమోజోములు జతలుగా ఉంటాయి. చెరకులో ఒక్కోటి ఎనిమిదో, పదో, రకానికో లెక్క. కొన్నయితే సగం చెరకు, సగం రెల్లు. అందులో ఇంటివాళ్లెవరో బయటివాళ్లెవరో చదివిన నాకే తేలదు. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకున్నాను. సంబంధం వద్దనలేదు, సరే అనీ అనలేదు. మిగిలిన దుబ్బుల్లోంచి ఆకులు కోసి ఫ్లాస్కులో పెట్టుకున్నాను. భోజనంలో ఆనపకాయ పులుసు రెండోసారి వేయించుకున్నాను.

మూడింటికి బయల్దేరితే గౌరి చోడవరం బస్టాండు దాకా వచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆటోలో ఫ్లాస్కు తనే ఒళ్లో పెట్టుకుంది. బస్సు కనపడ్డాక అంది: "మామయ్యా, పొద్దుట్నుంచీ సెరకేటంటాదో, రెల్లేటంటాదో సెప్పేరు. నన్నెవరూ అడగనేదు."

సిగ్గేసింది. "నీకేం ఇష్టమే?" అన్నాను.

"తెల్దు. ఇప్పుడడిగేరు కదా, ఆలోసిస్తాను." ఫ్లాస్కు నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

సబ్బవరం దాటేసరికి ఐసు సగం కరిగింది. ఆ పక్కకి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే: దారి సులువు, రెల్లు కావలసినంత, మనుషులు అన్నం పెట్టకుండా పంపరు. అక్కకి ఏం చెప్పాలో మాత్రం వెళ్లేటప్పుడు తెలుసు, తిరిగొచ్చేటప్పుడు తెలియదు. ఇంటికెళ్లగానే మా అబ్బాయిని కూర్చోబెట్టాలి. వాణ్ణీ నేను ఇంతవరకూ అడగలేదు.