రాడ్డు తిరిగినంతసేపు

సైకిల్ ఫ్రీవీల్ చప్పుడు నాకు పడదు. మంచిర్యాలలో మా వీధిలో ఎవరైనా సైకిల్ దిగి నడిపించుకుంటూ పోతే ఆ టిక్కుటిక్కు వినిపిస్తుంది. చేస్తున్న పని ఆపేసి అది దూరమయ్యేదాకా నిలబడిపోతాను. మొదట్లో మా ఆవిడ నవ్వేది. సంగతి తెలిశాక నవ్వడం మానేసింది. ఆ చప్పుడును బావిలోకి దించినవాణ్ణి నేనే.

మా నాన్న, మేం బాపు అంటాం, బోర్ల పని మనిషి. లారీ మీద వచ్చే పెద్ద మిషన్ల సంగతి కాదు నేను చెప్పేది. ఎండిపోయిన వ్యవసాయ బావి అడుగున మళ్ళీ బోరు వేయడం మా వాళ్ళ పని. గడ్డ మీద మూడు కాళ్ళ స్టాండు, దానికో కప్పీ, కప్పీ మీదుగా తాడు, పక్కన డీజిల్ ఇంజను. ఇంజను తాడును లాగి వదులుతుంటే, చివర వేలాడే బరువైన ఇనుప రాడ్డు రెండడుగులు లేచి బావి అడుగున బండ మీద పడుతుంది. లేచిన ప్రతిసారీ దాన్ని కొంచెం తిప్పాలి. తిప్పకపోతే దాని మొన ఒకేచోట పడి ఇరుక్కుపోతుంది, బండలో బోరు పొక్క గుండ్రంగా దిగదు. ఆ తిప్పే మనిషి బాపు. రాడ్డుకు బిగించిన హ్యాండిలు పట్టుకుని పొద్దున నిలబడితే పొద్దుగూకేదాకా అదే పని. పక్కనే ఆయన తమ్ముడు, మా చిన్నబాపు, పొక్కలో నీళ్ళు పోస్తూ బురద తోడేవాడు. ఐటీఐ చదివే రోజుల్లో సెలవులు వస్తే పైన ఇంజను దగ్గర నేను.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఇంజను మోతలో మాట వినబడదు కాబట్టి బావిలో ఎవరూ అరవరు. తిప్పే మనిషి రాడ్డు వదిలేసి రెండు చేతులూ పైకి లేపాడంటే ఇంజను మనిషి ఆ క్షణమే ఆపేయాలి, కింద ఉన్నవాళ్ళు చేతిలోది అక్కడే పడేసి నిచ్చెన ఎక్కాలి. ఎందుకని అడిగేది గడ్డ మీదికి వచ్చాకే. మిగతావాళ్ళంతా పైకి చేరేదాకా అతను చేతులు దించడు. అందరికన్నా ఆఖరున ఎక్కేది అతనే. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ చేతులు లేవనంతసేపు, గోడ నుంచి రాయి రాలినా, మట్టి పొడి నెత్తిన పడినా ఎవరూ బెదిరిపోకూడదు. ప్రతిదానికీ పరుగెత్తితే పని సాగదు. రాడ్డు తిరుగుతోందంటే దాని మీద ఒకరి చెయ్యి ఉన్నట్టు, కింద ఏముందో ఆ చేతికి తెలిసినట్టు. అందుకే భయం వేసిన వాడెవడైనా గోడ వంక చూడడు, రాడ్డు వంక చూస్తాడు.

బాపుకి నిజంగానే తెలిసేది. శ్రీరాంపూర్ అవతల ఒక బావిలో, మిట్టమధ్యాహ్నం, అంతా సవ్యంగా నడుస్తుండగా చేతులు లేపాడు. నేను ఇంజను ఆపాను. చిన్నబాపు పైకి వచ్చాడు, వెనకే బాపు వచ్చాడు. చాయ్ పోసుకుని కూర్చున్నాం. పని పాడైందని నేను లోలోపల విసుక్కుంటున్నాను. చాయ్ సగం తాగానో లేదో, పడమటి గోడ మొత్తం జారి, వాళ్ళిద్దరూ నిలబడ్డ చోటు మట్టితో నిండిపోయింది. బాపు తిరిగి కూడా చూడలేదు.

"రాడ్డు బరువు తప్పిందిరా. ఇసుక పొర తాకింది. కింది నుంచి గుంజుతున్నది" అన్నాడు.

అన్నేళ్ళు అదురు పట్టుకుని పట్టుకుని ఆయన చేతులు చచ్చుబడ్డాయి. ముందు వేళ్ళు తిమ్మిరెక్కేవి. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు, మా అమ్మ, అవ్వ, పెట్టేది. చాయ్ గ్లాసు కాలుతోందో లేదో తెలియక చెంపకు ఆనించి చూసుకునేవాడు. కరీంనగర్‌లో డాక్టరు చేతులు తిప్పి చూసి, ఇంకా ఈ పనే చేస్తే అన్నం కలుపుకోవడానికి కూడా పనికిరావని చెప్పాడు. బాపు బయటికి వచ్చి బీడీ ముట్టించబోయి, అగ్గిపుల్ల గీయలేక నాకిచ్చాడు.

"వేళ్ళకు తెల్వకపోతె ఏంది, రాడ్డు సంగతి మోచేతికి తెలుస్తది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికి నేను మంచిర్యాలలో ఒక వెల్డింగ్ షాపులో పని చేస్తున్నాను. ఇనుముతో చేయించాల్సిన పనిని మనిషితో చేయించడం మా ఇంటి మూర్ఖత్వంగా కనిపించింది. చదువుకున్నవాణ్ణి కదా మరి.

రెండు వారాలు కూర్చుని ఒక సాధనం చేశాను. పాత సైకిల్ ఫ్రీవీల్‌ను పైపు ముక్కకు వెల్డింగ్ చేసి రాడ్డుకు బిగించాను. దానికి మూరెడు ఇనుప చెయ్యి, ఆ చేతికి గొలుసు, గొలుసు కొస బావి అడుగున దిగ్గొట్టిన గడ్డపారకు. రాడ్డు లేచినప్పుడు గొలుసు బిగిసి చేతిని లాగుతుంది, రాడ్డు కొంచెం తిరుగుతుంది. రాడ్డు పడినప్పుడు స్ప్రింగు చేతిని వెనక్కి తెస్తుంది, ఫ్రీవీల్ టిక్కుమంటుంది. అంతే. మనిషి అక్కర్లేదు. ఇప్పుడు తలుచుకున్నా, చేతిపని వరకు అది మంచి పనే. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

షాపు ఉస్తాద్ అద్దాలు పైకి తోసి దాన్ని నాలుగుసార్లు తిప్పి చూశాడు.

"బాగనే చేసినవ్ బేటా. గిది ఆగేదెట్ల?"

"ఇంజను బంద్ చేస్తె ఆగుతది ఉస్తాద్."

"ఇంజను బంద్ చేసేది నువ్వు. బంద్ చెయ్యమని నీకు చెప్పేదెవరు?"

ముసలాయన చాదస్తం అనుకుని నవ్వి ఊరుకున్నాను.

చిన్నబాపు సంబరం ఇంతా అంతా కాదు. ఆయన నడుమ కొన్నేళ్ళు దుబాయ్‌లో కంపెనీలో చేసి వచ్చినవాడు, మిషనంటే ప్రాణం. "అన్నా, ఆడ అంత గిట్లనే ఉంటది, మనిషి ఊకె చూసుకుంట నిలబడుడే" అని బాపుని ఊదరగొట్టాడు. దానికి కొత్త అల్లుడని పేరు పెట్టాడు. నూనె పెట్టి చూసుకోవాలట, నోరు మాత్రం మూయదట. బాపు మొదటిరోజు తిరుగుతున్న రాడ్డు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"దీనికి బరువు తెలుస్తలేదు" అన్నాడు.

"దానికి తెల్వాల్సిన పనేంది బాపు? తిప్పుతె చాలు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ గొంతు నాకు గుర్తుంది.

బాపు రాడ్డు మీంచి చెయ్యి తీశాడు. నిచ్చెన ఎక్కి పైకి వచ్చి, ఇంజను వెనక నీడలో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి కింద చిన్నబాపు ఒక్కడే. నాలుగు బావులు అలాగే వేశాం. నేను షాపుకి సెలవు పెట్టి ఇంజను నడిపేవాణ్ణి. బాపు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. పని లేని ఆ చేతులు చూస్తే నాకు గెలిచినట్టుండేది.

ఐదో బావి బోథ్ దగ్గర, పత్తి చేనులో. పైన నల్లరేగడి, సగం దాకా రాతికట్టు, దాని కింద పచ్చమట్టి. దిగేముందు బాపు గోడ చుట్టూ తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. నేను అడగనూ లేదు. చిన్నబాపు తలకు రుమాలు చుట్టుకుని, "అల్లునికి నూనె పోసినవారా?" అని నన్ను ఆటపట్టించి నిచ్చెన దిగాడు.

పదకొండు కావస్తుండగా, పొక్కలో పోసిన నీళ్ళు ఎక్కువ తొందరగా ఇంకుతున్నాయని నాకు అనిపించింది. చిన్నబాపు బిందె మీద బిందె పోస్తున్నాడు. నిండడం లేదు. నేను బావిలోకి వంగి చూశాను. రాడ్డు తిరుగుతోంది. మధ్యాహ్నం చూసుకుందాంలే అనుకున్నాను.

ఇంకాసేపటికి చిన్నబాపు పని ఆపి తన కాళ్ళ వంక చూసుకున్నాడు. అరికాళ్ళ కింద ఏం తెలిసిందో నాకు తెలియదు. గోడ నుంచి ఒక పెళ్ళ రాలి నీళ్ళ బిందె పక్కన పడింది. ఆయన గోడ వంక చూడలేదు. అలవాటు కొద్దీ రాడ్డు వంక చూశాడు. అది తిరుగుతోంది, టిక్కు, టిక్కు, ఒక్క తప్పు లేకుండా. నేనూ రాడ్డు వంకే చూశాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు, నేను చెయ్యి ఊపాను. ఆయన మళ్ళీ వంగి బురద తోడటం మొదలుపెట్టాడు. ఆయన దాన్ని నమ్మాడు, నేనూ దాన్నే నమ్మాను. దాని మీద ఎవరి చెయ్యీ లేదన్నది ఇద్దరికీ గుర్తు రాలేదు.

నా వెనక ఏం జరిగిందో తర్వాత ఆ చేను రైతు భార్య చెప్పింది. ఆమె చాయ్ తెచ్చి గట్టు మీద నిలబడి ఉందట. బాపు లేచి స్టాండు కాలిని అరచేతులతో పట్టుకున్నాడట. చేతులకు ఏమీ తెలియలేదేమో, వదిలేసి చెంప ఆనించాడట, చాయ్ గ్లాసుకు ఆనించినట్టు. అలా కాసేపు కళ్ళు మూసుకుని ఉండి, వెనక్కి జరిగి, రెండు చేతులూ పైకి లేపాడట.

అరవలేదు. ముప్పై ఏళ్ళు ఆ పనిలో ఎవరూ అరవగా ఆయన వినలేదు. చేతులు లేపితే ఇంజను ఆగాలి, అది ఎప్పుడూ ఆగింది. నేను ఆయనకు వీపు పెట్టి బావిలోకి చూస్తున్నాను, ఎప్పుడూ చేతులు లేచే చోటికే చూస్తున్నాను. అక్కడ నేను చేసిన ఇనుప చెయ్యి వస్తూ పోతూ ఉంది.

"ఏందన్నా, పెద్దాయన గట్ల చేతులు లేపి నిలబడ్డడు?" అని ఆమె నా భుజం దగ్గరికి వచ్చి అడిగింది. తిరిగి చూశాను. బాపు చేతులు గాలిలో, కళ్ళు నా మీద ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో ఆమెను అడిగే ధైర్యం నాకు ఈరోజు దాకా రాలేదు.

ఇంజను ఆపాను. టిక్కుటిక్కు ఆగింది. చిన్నబాపు ఆ నిశ్శబ్దానికి తలెత్తి, వెంటనే బిందె పడేసి, నిచ్చెన మీద ఒక కాలు వేశాడు. రెండో కాలు వేయలేదు. పచ్చమట్టి కింది నుంచి కుంగింది, దాని మీద రాతికట్టు మొత్తం దిగింది.

సాయంత్రానికి ప్రొక్లెయిన్ తెప్పించి చిన్నబాపు శవాన్ని తవ్వి తీశారు. అప్పటిదాకా బాపు చేతులు దించలేదు. ఇద్దరు మనుషులు పట్టుకుని కిందికి తెస్తే మళ్ళీ లేపేవాడు. ఆఖరికి వదిలేశారు. నేను ఎదురుగా కూర్చుని ఆ చేతులు చూస్తూ ఉన్నాను. సిగ్గో భయమో చెప్పలేను, రెండూ ఉన్నాయి.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చిన్నబాపు భార్య చిన్నవ్వ కూడా అనలేదు. అంటే బాగుండేది. బాపు మాత్రం ఏడాది తర్వాత ఒకసారి, అవ్వ అన్నం తినిపిస్తుంటే, "నేను గొంతెత్తి ఒర్రాల్సి ఉండె" అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నేను తల తిప్పి చూడాల్సి ఉండె అని నేను అనలేకపోయాను.

ఇప్పుడు బాపుని మంచిర్యాలలో నా దగ్గరే ఉంచుకున్నాను. మతి సరిగ్గా ఉండటం లేదు, చేతుల్లో పట్టు ఎప్పుడో పోయింది. మొన్న మా పక్క ప్లాటులోకి బోరు లారీ వచ్చింది. దాన్ని ఎవరూ తిప్పనక్కర్లేదు, దానంతట అదే గిరగిరా తిరుగుతూ భూమిలోకి పోతుంది. మనిషి మీటల దగ్గర నిలబడి ఫోను చూసుకుంటాడు. ఇల్లంతా అదురుతోంది. బాపు వరండాలో గోడకు చెంప ఆనించి కూర్చున్నాడు. నేను లోపల నుంచి ఆయన చేతులనే చూస్తున్నాను. బోథ్ నుంచి వచ్చాక నాకు వేరే వంక చూడటం చేతకాదు.

ఆయన గోడ నుంచి చెంప తీసి, మెల్లగా రెండు చేతులూ పైకి లేపాడు.

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. గోడ దూకి లారీ ముందు నిలబడి రెండు చేతులూ లేపాను. మీటల దగ్గర మనిషి కంగారుపడి మిషను ఆపాడు.

"ఏమైందన్నా? కరెంటు తీగలున్నయా?"

"లేవు. జర ఆపు" అన్నాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి నీళ్ళ సీసా అందుకున్నాడు. ఎక్కడా ఏమీ కూలలేదు.

తిరిగి ఇంటికి వచ్చాను. బాపు అలాగే ఉన్నాడు, చేతులు గాలిలో. నన్ను చూసి అడిగాడు.

"అందరు మీదికి వచ్చిండ్రా?"

"వచ్చిండ్రు బాపు."

ఆయన నా వెనక్కి, గేటు వైపు చూశాడు.

"చిన్నోడు వచ్చిండా?"

చిన్నబాపుని ఆయన ఎప్పుడూ అలాగే పిలిచేవాడు. ఆయన ముందు కూర్చుని, రెండు మణికట్లూ పట్టుకుని మెల్లగా దించబోయాను. దించనివ్వలేదు.