నీడపట్టున పెరిగిన పిల్ల

సరోజిని నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. సిగ్గనుకునేరు! లోపల పళ్ళన్నీ పుచ్చిపోయి ఉన్నాయి. పెళ్ళికి ముందు ఆమె కువైట్‌లో ఒకరింట్లో పనిచేసింది. ఆ దేశంలో ఎండ నిప్పులు చెరుగుతుందంటారు గానీ, సరోజినికి మాత్రం దాన్ని కిటికీ అద్దాల్లోంచి చూడటమే. వంటిల్లు, పిల్లల గది, మళ్ళీ వంటిల్లు. గడప దాటనిస్తే కదా!

మలికిపురం దగ్గర తన ఊరికి ఆమె తెల్లగా తిరిగొచ్చింది. ఊరు ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. "పిల్లకి కువైట్ నీళ్ళు బాగా పట్టేయండీ" అన్నారు. అది నాలుగు గోడల మధ్య పాలిపోయిన రంగని ఒక్కరికీ తట్టలేదు. సరోజినికే తట్టలేదు, ఊరిననడం దేనికి? చిన్నప్పుడు నాట్లకి పోయి కమిలిపోయిన మనిషి ఆమె. నల్లపిల్లా అని పిలిపించుకుని, ఏడ్చి, ఊరుకున్న మనిషి. ఎండన పడి బతకక్కర్లేని వాళ్ళే తెల్లగా ఉంటారని ఆమె లెక్క. అందుకే ఏసుదాసుతో పెళ్ళయి షైనీ పుట్టాక ఒకటే పట్టు పట్టింది. తన కూతురు నీడపట్టున పెరగాలి, అంతే.

వాళ్ళ ఇల్లు కొబ్బరితోటలో ఉంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ వెలుగు చిల్లర చిల్లరగా పడుతుంది. ఎదురుగా ఉన్న కళ్ళంలోనే నిండు ఎండ. ఏసుదాసు పని ఆ కళ్ళంలోనే, పగలగొట్టిన కొబ్బరి చిప్పలు ఆరబెట్టడం. ఊళ్ళో పిల్లలంతా అక్కడ కాకుల్ని తోలుతూ ఆడుకుంటుంటే, షైనీ మొహాన పౌడరు రాసుకుని అరుగు మీద కూర్చునేది. అంగన్‌వాడీకి వెళ్ళినా గొడుగు కిందే. ఆడుకుంటానని ఏడిస్తే సరోజిని పాలసీసాలో పంచదార నీళ్ళు పోసి చేతికిచ్చేది. ఒకనాడు కళ్ళంలోకి పరిగెత్తినందుకు పిల్ల రెక్క పట్టుకుని లాక్కొచ్చి వీపు మీద చరిచింది. "నల్లబడిపోతావే, దరిద్రపుదానా!" అంది. ప్రేమ ముదిరితే అలాగే ఉంటుంది మరి.

పిల్ల ఒళ్ళు తెల్లగానే ఉంది. పళ్ళే నల్లబడ్డాయి.

"పాలపళ్ళేగా అమ్మా, ఊడిపోయి ముత్యాల్లాంటివి వత్తాయి" అంది పొరుగింటి పాపాయమ్మ. ఆ ఒక్క మాట పట్టుకుని సరోజిని రోజులు వెళ్ళదీసింది. చన్నీళ్ళు తగిలితే షైనీ కెవ్వుమనేది. అన్నం ఒక పక్కనే నమిలేది. సరోజిని లవంగం పెట్టింది, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించింది. కొత్తవి వస్తాయి కదా అనుకుంది. తన నోటికి పట్టిన గతి కూతురికి పట్టదనుకుంది.

ఆరో ఏడు వచ్చాక దవడ చివర కొత్త పన్ను మొలిచింది. సరోజిని పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పింది. ఇంకా పూర్తిగా బయటికి రానేలేదు, అప్పుడే దానిమీద గోధుమరంగు మచ్చలు. అంచు పెచ్చులూడుతోంది.

"పాపాయమ్మగారూ, ఇది కూడా పాలపన్నేనేమోనండీ?" అంది.

పాపాయమ్మ వంగి చూసింది. "ఇది ఊడేది కాదమ్మా" అనేసి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా షైనీ బుగ్గ వాచి ఒళ్ళు కాలిపోతుంటే, సరోజిని పిల్లని భుజాన వేసుకుని అమలాపురం బస్సెక్కింది. పళ్ళ డాక్టరు అనురాధగారు వాపుకి మందిచ్చి, తల్లికీ పిల్లకీ రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళినప్పుడు చెప్పారు.

"ఇద్దరికీ విటమిన్ డి బాగా తక్కువుందమ్మా."

"అది మందుల షాపులో దొరుకుద్దాండీ?"

"మందు రాస్తాను. అసలైతే ఎండే ఇస్తుంది. పాప ఎండలో ఆడుకోదా?"

సరోజిని నోటి మీద చెయ్యి తియ్యలేదు.

"ఇదొక్కటే కారణమని నేను చెప్పలేనమ్మా. తీపి ఉంది, సరిగ్గా తోమకపోవడం ఉంది. కానీ డి తక్కువైన పిల్లల్లో పళ్ళు పుచ్చే ప్రమాదం ఎక్కువ. పన్ను గట్టిగా తయారవడానికి అది కావాలి."

"అయితే ఇకనించి ఎండలో తిప్పుతానండి. ఈ పన్ను గట్టిపడుద్దాండీ?"

"ఆ పన్ను చిగుళ్ళ లోపలే తయారైపోయింది, పాపకి మూడేళ్ళు నిండేలోపే. దాన్ని ఇప్పుడు వెనక్కి తేలేం. తొడుగు వేసి నిలబెట్టడానికి చూద్దాం. ఇంకా లోపల తయారవుతున్నవి ఉన్నాయి, వాటిని కాపాడుకుందాం."

"ఆయ్" అంది సరోజిని. తర్వాత మాటలేవీ చెవికెక్కలేదు. ఆ మూడేళ్ళూ తను ఏం చేసిందో ఆమెకి తెలుసు. బతిమాలి, భయపెట్టి, కొట్టి మరీ నీడలో కూర్చోబెట్టింది. కువైట్‌లో తనకి తలుపేసిన మనుషుల్ని ఇన్నాళ్ళూ తిట్టుకుంది. కూతురికి తలుపేసింది తనే. బస్సులో దారిపొడవునా కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. పక్కసీటావిడ ఎవరు పోయారమ్మా అని అడిగింది.

మర్నాడు పొద్దెక్కాక సరోజిని గొడుగు ఇంట్లోనే వదిలేసి కళ్ళంలోకి నడిచింది. పని ఆపి చూస్తున్న ఏసుదాసుని పట్టించుకోలేదు. కొబ్బరి చిప్పల మధ్య, కాలే నేలమీద కూలబడింది.

"షైనీ, రా అమ్మా. మనిద్దరం ఇక్కడ ఆడుకుందాం."

షైనీ అరుగు దిగి, చెట్టునీడ ఉన్నంతవరకూ వచ్చి ఆగిపోయింది.

"నల్లబడిపోతానమ్మా. కొడతావు."

"కొట్టనే. ఒట్టు. నా బంగారుతల్లివి కదూ, రా."

పిల్ల కదల్లేదు. ఎలాగైనా రప్పించాలని సరోజిని చేతులు రెండూ చాచి నవ్వింది. నోటికి అడ్డం పెట్టుకోడానికి చెయ్యి మిగల్లేదు. అంత ఎండలో తల్లి నల్లబడిన పళ్ళని షైనీ ఎన్నడూ చూడలేదు.

చూసింది. చూసి, తన నోటికి తన చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండడుగులు వెనక్కి నీడలోకి జరిగింది.