కలకత్తా విమానం ఎక్కని రొయ్యల పెట్టె

మా తమ్ముడు దాలయ్య కాలు విరగకపోతే నేను ఈ ప్రయాణం చేసేదాన్ని కాదు. కళింగపట్నం దగ్గర సముద్రపొడ్డున మా ఊరు. పడవను ఒడ్డుకు లాగుతుంటే కింద పెట్టిన దుంగ జారి పడవ వాడి మోకాలి మీద పడింది. ఇక వేటకు వెళ్లకూడదని డాక్టరు తేల్చి చెప్పారు. వేట మానేసిన మనిషికి మా ఊళ్లో వేరే పని దొరకదు. ఆ సమయంలోనే కలకత్తా నుంచి ఒక ఎగుమతి వ్యాపారి కబురు పెట్టాడు. గడ్డ కట్టించిన రొయ్యలు నమూనాకి ఒక పెట్టె విమానంలో పంపితే, మర్నాడే దాన్ని ఇంకో విమానంలో జపాను పంపిస్తాడట. అక్కడివాళ్లకు నచ్చితే మా తీరంలో రొయ్యలు పోగుచేసి పంపే పని దాలయ్యదే. మరో రెండు చోట్ల నుంచి కూడా నమూనాలు వెళ్తున్నాయి. గురువారం దాటితే మాది చూడరు. దాలయ్య మంచం దిగలేడు, వాడి భార్య బాలింత. ఇంటికి పెద్దదాన్ని కనుక నేను బయలుదేరాను. చేపలు, రొయ్యలు ఇలా విదేశాలకు పంపుదామనుకునే వాళ్లు మా వైపు ఒకరిద్దరు ఇప్పుడు కనబడుతున్నారు. వారికి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందురోజు దాలయ్య నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాడు. "అప్పా, ఇజీనగరంలో బండి పావుగంట ఆగుతాది. స్టేషను బయట సోడా కొట్లో మంచు దొరుకుతాది. పాత మంచు పారబోసి కొత్తది ఎయ్యి. విమానాల కాడ తడి మంచంతా తీసీసి, పొడి పొట్టు కూరి అప్పజెప్పు. ఇంకేటీ సెయ్యకు."

"ఇంకేటి సేస్తాను? దండం ఎట్టుకుంటాను" అన్నాను.

"అది నాను సెప్పినా మానవు గదా" అని నవ్వాడు. కాలు విరిగాక వాడు నవ్వడం అదే మొదలు.

గురువారం తెల్లవారి ఐదున్నర బస్సుకు బయలుదేరితే శ్రీకాకుళం చేరేసరికి ఏడు దాటింది. టిక్కెట్టు రూపాయి లోపే. ఐస్ ఫ్యాక్టరీలో పెట్టె సిద్ధంగా ఉంది. రెండు రోజులు చల్లగదిలో ఉంచి గడ్డ కట్టించిన రొయ్యలను తగరపు డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మూతను అతికిస్తూ మాటు వేశారు. ఆ డబ్బాను చెక్కపెట్టెలో దించి, చుట్టూ దంచిన మంచు, దాని చుట్టూ రంపపు పొట్టు వేశారు. చివర్లో మార్చడానికి పొడి పొట్టు వేరే సంచిలో ఇచ్చారు. తడి పెట్టెను బస్సు వాళ్లు ఎక్కించుకోరు కనుక ఆమదాలవలస స్టేషనుకు జట్కా మాట్లాడుకున్నాను. తొమ్మిది గంటల పాసింజరు దొరికింది. మూడో తరగతిలో పెట్టెను కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. విమానం రెండున్నరకు. విమానాశ్రయం వాల్తేరులో ఉంది, పన్నెండున్నరకల్లా అక్కడికి చేరాలి.

పదిన్నరకు చీపురుపల్లిలో బండి ఆగింది. ముందెక్కడో గూడ్సు చెడిపోయిందన్నారు. ఎండ పెట్టె మీద పడింది. చెక్కల సందుల్లో పొట్టు తడిసి రంగు మారింది. నేను దానివైపే చూస్తుంటే ఎదురుగా ఎండుచేపల గంపతో కూర్చున్న ఆమె పలకరించింది. పేరు నీలమ్మ.

"ఏటప్పా, పెట్టెనలా సూత్తన్నావు? లోపల దేవుడున్నాడేటి?"

"రొయ్యలు. కలకత్తా విమానానికి. అక్కణ్ణించి జపాను."

"రొయ్యలకి విమానమా? మనకి బస్సులోనే సోటు లేదు. అవేటి పున్నెం సేసుకున్నాయో." గంప సర్దుకుని, "ఆ దేశపోళ్లకి సముద్రం లేదేటి?" అని అడిగింది.

"ఉన్నాది. సాలదంట."

చుట్టూ కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. కాని పెట్టె అడుగున నీళ్లు చుక్కలు కడుతున్నాయి. గంట గడిచినా బండి కదల్లేదు. పెట్టె మూత ఎత్తి మంచు మీద చెయ్యి పెట్టి చూశాను. సగానికి పైగా దిగిపోయింది. కళ్లు మూసుకుని సింహాద్రి అప్పన్నను తలచుకున్నాను. స్వామీ, ఈ రొయ్యల గడ్డ కరగకుండా చూడు అన్నాను. అంతకంటే ఏమీ అడగలేదు.

"ఉప్పెయ్యప్పా. మంచు సల్లబడతాది. ఇది కూడా నాను సెప్పాలా?" అంది నీలమ్మ.

చెప్పనక్కర్లేదు. అమ్ముడుపోని చేప ఇంటికి వచ్చిందంటే మా ఆడవాళ్ల చెయ్యి ముందు ఉప్పు కుండ మీదకు పోతుంది. ఇంకేమీ చెయ్యకన్న దాలయ్య మాట గుర్తుంది. అయినా ఉప్పు వేయడం ఒక పని చేసినట్టు నాకు అనిపించలేదు. నీలమ్మ గంపలోంచి రెండు దోసిళ్లు కల్లుప్పు ఇచ్చింది. పెట్టె మూత తీసి మంచు మీద చల్లాను. కాసేపటికి డబ్బా మీద తెల్లగా పొడిలా మంచు పేరుకుంది. వేలు పెడితే అంటుకుపోయింది. నా ప్రాణం కుదుటపడింది.

పన్నెండు కావస్తుండగా బండి కదిలింది. విజయనగరంలో ఆగింది కాని నేను దిగలేదు. ఇంత చల్లబడిన మంచును పారబోయడం ఎందుకనుకున్నాను. సింహాచలం స్టేషను దగ్గర కొండవైపు తిరిగి రెండు చేతులూ జోడించాను.

వాల్తేరులో దిగేసరికి ఒకటీ నలభై. రిక్షా అయితే అందదని టాక్సీ ఎక్కాను. ఈ దారిన వెళ్లేవారు ఆ ఖర్చుకు ముందే సిద్ధపడాలి. విమానాశ్రయంలో సరుకు తీసుకునే బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకున్న ఒక గుమాస్తా ఉన్నారు. తడి మంచు తీసేసి పొడి పొట్టు వేయబోతుంటే ఆయన వంగి పెట్టె అడుగు తడిమారు. వేలు నాలుక మీద పెట్టుకున్నారు.

"ఉప్పు వేశారా అమ్మా?"

"ఏశాను బాబూ. రొయ్య పాడవకుండా."

ఆయన కలం కింద పెట్టేశారు. "విమానం అంతా లోహం. ఉప్పునీరు అడుగు పలకల సందుల్లోకి దిగితే లోపల్లోపల తినేస్తుంది. పైకి తెలియదు. ఇది నేను ఎక్కించలేను."

"ఉప్పంతా తీసేస్తాను."

"చెక్క పీల్చేసింది. తుడిస్తే పోదు. పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు మళ్లీ కారుతుంది. మీ దగ్గర ఇంకో పొడి పెట్టె ఉందా?"

లేదు. సరుకు ఎక్కించడానికి పది నిమిషాలే ఉంది. ఆయన కూడా చుట్టూ చూశారు. ఒక ఖాళీ అట్టపెట్టె కనబడితే తెచ్చి కొలిచి చూశారు. డబ్బా పట్టలేదు. "గంట ముందు వచ్చి ఉంటే ఏదో చేసేవాణ్ణమ్మా" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. నాకోసం కుర్చీ వేయించారు. విమానం వెళ్లిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం బండికి పెట్టెతో, దారిలో కొత్త మంచు వేసుకుని తిరిగొచ్చి ఆ రాత్రి ఆమదాలవలస స్టేషనులో గడిపాను. మర్నాడు పొద్దున ఇల్లు చేరాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. దాలయ్య డబ్బా తెప్పించుకుని కత్తితో మాటు విప్పాడు. రొయ్యలు ఇంకా రాళ్లలా ఉన్నాయి. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కంపు లేదప్పా" అన్నాడు. దాన్ని డబ్బాలో పెట్టేసి, "అమ్మ బతికున్నా ఉప్పే ఏసును" అన్నాడు.

అంత పెద్ద రొయ్యలు మా ఇంట్లో ఎప్పుడూ పొయ్యి ఎక్కలేదు. అవి అమ్మకానికే. ఆ రోజు మరదలు వండింది. దాలయ్య రెండు తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పని వేరే తీరం వాళ్లకు దక్కిందని పదిరోజుల తరవాత ఉత్తరం వచ్చింది. వాడిప్పుడు అరుగు మీద కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తున్నాడు.

రొయ్యల గడ్డ కరగకూడదని అడిగాను, కరగలేదు. స్వామి నా మాట విన్నాడు. ఏది అడగాలో నాకే తెలియలేదు. ఇప్పుడు రోజూ దండం పెట్టుకుంటాను గాని ఏమీ అడగను. విమానంలో సరుకు పంపేవారికి ఒక్క మాట. మంచులో ఉప్పు వేయకండి, అంతకంటే ముఖ్యంగా అదే కొలతకు చేయించిన రెండో పెట్టె, పొడిది, ఖాళీది, వెంట తీసుకెళ్లండి. మోయడానికి బరువేమీ కాదు. అది నా చేతిలో ఉండి ఉంటే ఆ గురువారం మా దాలయ్య రొయ్యలు సముద్రం దాటేవి.