సాక్ష్యానికి ముందు

2008లో ఒమాన్‌లో, బహ్లా నుంచి మస్కట్ వెళ్ళే బస్సులో నా పక్కన ఒక కడప మనిషి కూర్చుంది. ఇంటిపని చేస్తుందట. అదే ఇంట్లో పనిచేసే పిల్ల తన గొలుసు దొంగిలించిందని ఆ ఇంటి మేడమ్ కేసు పెట్టింది. ఈమెను సాక్షిగా కోర్టుకు పిలిచారు.

“గొలుసు మేడమే ఇచ్చిందక్కా, నా కండ్లారా చూసినా. ఆ మాట చెప్తే నా పని పోతాది. చెప్పకుంటే ఆ పిల్ల జైల్లోనే ఉంటాది.”

“మరి చెప్తావా?”

“చెప్తా. నోరు పెగులుతాదో లేదో! నువ్వే జడ్జి అనుకో, ఇను.”

రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ తడబడింది.

“ఇట్ల గాదు. మా ఊర్లో అయితే ఎవురి తలమిందన్నా చెయ్యి పెట్టి చెప్తాం. అబద్ధమైతే ఆ తల గలోళ్ళకే చేటు. ఈడ తల ఎవురిస్తారు?” అని నవ్వింది.

నేను తల వంచాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. అరచెయ్యి నా నడినెత్తిన ఆనించింది. ఈసారి మాట ఎక్కడా ఆగలేదు. మా ఆయన పోయాక నన్నెవరూ అలా తాకలేదు.

“నమ్మినావా అక్కా?”

“నమ్మాను.”

చెదిరిన నా జుట్టును రెండు చేతులతో సరిచేసి, మస్కట్‌లో బస్సు దిగి, కోర్టు వైపు నడిచింది.