బావగారి హెల్ప్ పేజీలు

ఆ రోజుల్లో రాజమండ్రిలో ఏ కుర్రాడైనా కంప్యూటర్ ముందు కూర్చుంటే, వాడికి ఉద్యోగమైనా వస్తుంది, కళ్లయినా పోతాయి అనుకునేవారు. నాకు మధ్యస్థంగా కళ్లజోడు వచ్చింది. ఉద్యోగం లేని ఆ కాలంలో, తెలుగు టైపు చేసుకునే ఒక సాఫ్ట్‌వేర్‌కి నేను సేవ చేస్తుండేవాణ్ణి. దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు (జీతం అడగకపోతే చాలు). దాని హెల్ప్ పేజీలు రాసింది మా అక్క భర్త, శుభలేఖలు అచ్చువేసే బావగారు. ఎలా మాట్లాడేవారో అలాగే రాశారు. ‘ఫ్లాపీ పెట్టండి. కర్రుమంటుంది, కంగారు పడకండి. ముందు సేవ్ చేసుకోండి, కరెంటు చెప్పి పోదండి.’ అలా రాసిన మనిషి ఒక వేసవిలో తనూ చెప్పకుండానే పోయారు.

కొన్నాళ్లకి ఆ సాఫ్ట్‌వేర్‌ని బాగుచేసే మా గ్రూపు నుంచి మెయిల్ వచ్చింది. కొత్త వెర్షన్ వస్తోంది, పనికిరాని పాత సంగతులన్నీ ఆ పేజీల్లోంచి తీసెయ్యాలి, మీదీ ఆయన ఊరే కనుక మీరే చూడండి అని (చెరపడానికి ఊరితో పనేంటో నాకిప్పటికీ తెలియదు). బావగారి అచ్చు కొట్టు అప్పటికి అక్కే నడుపుతోంది. తన పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్లాపీ సంగతి తీసేశాను, మోడెం సంగతి తీసేశాను. అక్క ఎవరిదో శుభలేఖ దిద్దుతూ, తలెత్తకుండా, “అందులో ఆయనేమైనా మిగులుతారేంట్రా?” అంది.

“అచ్చుతప్పులు మిగులుతాయక్కా,” అన్నాను. అక్క నవ్వలేదు.

చివరి వాక్యానికి వచ్చాను. ‘అప్పటికీ రాకపోతే మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యండి.’ కింద కొట్టు నంబరు. చెరపబోతుంటే ఆ ఫోనే మోగింది.

“ఆయన లేరండి,” అంది అక్క.

“ఎప్పుడొస్తారండి?” అన్న గొంతు నాకూ వినిపించింది.

అక్క చేతిలోని శుభలేఖ పక్కన పెట్టింది. “మీకేం రావట్లేదో చెప్పండి.”

“క్ష రావట్లేదండి.”

“కంగారు పడకండి. ముందు సేవ్ చేసుకున్నారాండి?” అని, ఏ మీట తర్వాత ఏ మీటో నిదానంగా చెప్పి ఫోను పెట్టేసింది.

“తరచూ చేస్తారా ఇలా?” అన్నాను. “అందుకే తీసేస్తున్నా. పనిచెయ్యనివన్నీ తీసెయ్యమన్నారు.”

“ఫోను పనిచేస్తోందిగా.”

“అది కాదక్కా...”

“ఊళ్లో అందరికీ తెలుసురా, ఆయన పోయారని. ఎప్పుడొస్తారని అడిగేది ఈ ఫోన్లు చేసేవాళ్లే.”

నాకొక జోకు తట్టింది (వెయ్యలేదు). ఆ వాక్యం ఉంచేశాను. ఇదింకా ఎందుకని గ్రూపులో ఒకాయన అడిగితే, ‘పరీక్షించి చూశాను, పనిచేస్తోంది’ అని రాశాను.

కొన్నేళ్లకి నాకూ ఉద్యోగం వచ్చింది, ఊరు మారింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఎందుకో ఆ పేజీ తెరిచి, అందులో నంబరు చూసే ఫోన్ చేశాను. నేను నోరు విప్పకముందే, “ఆయన లేరండి. మీకేం రావట్లేదండి?” అంది అక్క. నేనేనక్కా అని చెప్పాల్సింది. ఎవరు గంభీరంగా మాట్లాడినా గాలి తీసేసే నేను, గొంతు కొంచెం మార్చి, “ఎప్పుడొస్తారండి?” అన్నాను.

అవతల ముక్కు చీదిన చప్పుడు, దాని వెనకే చిన్న నవ్వు.

“గొంతు మార్చడం కూడా రాదేంట్రా నీకు?”

రాదు. ఇన్నేళ్లొచ్చినా రాదు.