మాట తీసుకోని కౌన్సిలింగ్

గోదావరిఖనిలో కౌన్సిలింగ్ అంటే తెలియనివాళ్లు లేరు. డ్యూటీకి నాగాలు ఎక్కువైన బొగ్గుగని కార్మికుణ్ని భార్యతో సహా పిలిపించి, ఆఫీసర్లు వరసగా కూర్చుని తిట్టడం. భార్య ఏడవాలి. అతడు చేతులు కట్టుకుని ఇక తాగనని మాటివ్వాలి. తర్వాత ఆఫీసర్లకు చాయ్ వస్తుంది.

అందుకే, తాగుడు మానాలనుకునేవాళ్లతో ఎలా మాట్లాడాలో మా కాలనీ హాల్లో నేర్పుతారంటే, తిట్లలో కొత్త రకాలు చెబుతారేమోనని వెళ్లాను. నేను చదివింది పదో తరగతే, లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. ఎవరి బోనస్ లెక్కయినా, పింఛను లెక్కయినా నా దగ్గరికే వస్తుంది. తాగేవాడికి తాగుడుకు పోయే జీతం, ఆయుష్షు లెక్కగట్టి తీసివేసి చూపిస్తే మానేస్తాడని నా నమ్మకం.

నేర్పడానికి వచ్చిన మేడంకు నా కూతురి వయసు ఉంటుంది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని తాగేవాడిగా, ఇంకొకరిని వినేవాడిగా మాట్లాడమంది. నా ఎదుట కూర్చున్నాయన గనిలో షిఫ్టు నడిపిన రిటైర్డు ఓవర్‌మ్యాన్, చుక్క ముట్టనివాడని పేరు. తాగేవాడి వేషంలో ఆయన తూలిన తీరు చూశాక నాకు అనుమానం వచ్చింది. ఆయన నోరు తెరవకముందే నేను లెక్క మొదలుపెట్టాను.

మేడం నా పక్కన నిలబడి, "ఇదంతా ఆయనకు తెలియదంటారా?" అని అడిగింది.

ఆమె చెప్పింది ఇంతే. అడగాలి, ఆగాలి, విన్నది తిరిగి చెప్పి సరిగా విన్నామా అని చూసుకోవాలి. అడిగితే తప్ప సలహా వద్దు. ఒట్లు వేయించుకోవడం, మాట తీసుకోవడం అసలే వద్దు. ఆగడమే నాకు కష్టమైంది. పెళ్లయినప్పటి నుంచి ఇంట్లో చేస్తున్న పనే అయినా సరే.

శిక్షణ అయ్యాక మొదట మా ఇంటికి వచ్చింది మా వెనక వరస క్వార్టరు ఆమె, నన్ను అన్నా అని పిలుస్తుంది. అండర్‌గ్రౌండ్‌లో పనిచేసే మొగుణ్ని వెంట తెచ్చింది. ఈ ఏడు కూడా మస్టర్లు, అంటే హాజరు రోజులు, తక్కువైతే అతని ఉద్యోగం పోతుంది, దాంతో క్వార్టరూ పోతుంది. అతడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కూర్చోకముందే తప్పయిందని, ఇక ముట్టనని చెప్పేసి తలుపు వైపు చూశాడు. ఆమె కొంగు కళ్ల దాకా తెచ్చి సిద్ధంగా ఉంది.

నాకు మాట వద్దన్నాను. ఇద్దరూ నన్ను వింతగా చూశారు. మేడం నేర్పిన ప్రశ్నే అడిగాను, తాగితే నీకు ఏం బాగుంటదని.

"అన్నా, గిది నేర్చుకునేటందుకేనా హాలుకు పోయినవు?" అందామె. "సార్లే నయం, మంచిగ తిడ్తరు."

అతడు నవ్వాడు, తర్వాత నేల చూశాడు. మస్టర్ల లెక్క నా నాలుక చివరికి వచ్చింది. మింగాను.

"నిద్ర పడ్తది బావా," అన్నాడు చివరికి. "పొద్దుగాల చేతులు వణుకుతయి. గా చేతులతోని దిగితే పక్కోని పానం మీదికి తెస్త. అందుకే డ్యూటీ ఎగ్గొడ్త."

"పక్కోనికి ఏమన్న అయితదని నాగా పెడ్తున్నవు."

"ఔ."

ఆమె కొంగు దించింది. ఇన్నాళ్లూ ఒళ్లు బద్ధకం అనుకున్నానని మెల్లగా అంది. ఏం చెయ్యాలో అతడే అడిగాడు. చేతులు వణికేవాళ్లు ఒక్కసారిగా సొంతంగా ఆపేస్తే ప్రమాదమని, ముందు డాక్టరుకు చూపించాలని చెప్పాను. దవాఖానలో షిఫ్టువాళ్లు చూస్తారని అతని భయం. ముగ్గురం పోదామంది ఆమె.

మర్నాడు పొద్దున దవాఖాన ఓపీ దగ్గర అతని షిఫ్టు మనిషే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మావాడు వెనక్కి తిరగబోయాడు. "ఏందన్నా, ఏమైంది?" అని ఆ మనిషి అడిగేశాడు. మావాడు నా వైపు చూశాడు. జ్వరమని చెప్పి గట్టెక్కిద్దామా అనిపించింది, కానీ నోరు తెరవలేదు.

"తాగుడుతోని చేతులు వణుకుతున్నయి తమ్మీ," అన్నాడు మావాడే. "సూపిచ్చుకుందామని వచ్చిన."

ఆ మనిషి బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.